థార్, జీపు వంటి బండ్లలో నీరు ఎక్కడ కారుతోందో కనిపెట్టి సరిచేసే పద్ధతి

థార్ వంటి బండిలో కాళ్ల దగ్గరి మ్యాటు ఎత్తినప్పుడు కింద చెమ్మ తగిలిందంటే, చాలామంది ఆ సాయంత్రమే ఒక సిలికాన్ ట్యూబు కొనుక్కొచ్చి అనుమానం కలిగిన ప్రతి సందుకూ పూసేస్తారు. దయచేసి ఆ తొందర పడకండి. నీరు బండిలోకి దూరే చోటు ఒకటి, మనకు తడి తగిలే చోటు మరొకటి. ముందు అద్దం పై మూలలో లోపలికి వచ్చిన చుక్క, పక్క స్తంభం లోపలి నుంచి వైర్ల కట్ట వెంబడి దిగి, కార్పెట్ అడుగున పారి, చివరికి సీటు కింది పల్లంలో నిలుస్తుంది. ఆ దారి మధ్యలో ఎక్కడో సిలికాన్ పూస్తే లీకు ఆగదు సరికదా, నీరు బయటికి పోవలసిన రంధ్రం కూడా మూసుకుపోయి రేకు లోపలి నుంచి తుప్పు పట్టడం మొదలవుతుంది. కారే చోటును కళ్లారా చూసిన తర్వాతే దాన్ని మూయాలి. కింద చెప్పిన క్రమమంతా అందుకోసమే.

ఈ వివరణ ప్రధానంగా 2020 అక్టోబరులో వచ్చిన మూడు తలుపుల మహీంద్రా థార్‌ను దృష్టిలో పెట్టుకొని రాసినది. 2010లో వచ్చిన పాత థార్‌కు, అంతకు ముందటి ఎంఎం 540, ఎంఎం 550 జీపులకు, మారుతి జిప్సీకి కూడా పద్ధతి ఇదే. ఈ బండ్లలో టాపు విడిగా బిగించినది కావడం, స్టెప్నీ బరువంతా వెనుక తలుపు మోయడం, గతుకుల దారిలో బాడీ కొద్దికొద్దిగా మెలితిరిగి అతుకులు వదులు కావడం వల్ల మామూలు కార్ల కంటే లీకులు ఎక్కువ. నైరుతి రుతుపవనాలు రాకముందే, మే నెల ఎండల్లో ఈ పని పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే విప్పిన కార్పెట్లు ఒక్క రోజులో ఎండుతాయి. నెల్లూరు, ప్రకాశం వంటి కోస్తా జిల్లాల వారికి అసలు వానలు అక్టోబరు తర్వాత పడతాయి కాబట్టి సెప్టెంబరులో మరోసారి చూసుకోవాలి.

ముందుగా అది ఏ నీరో తేల్చుకోండి

లోపల కనిపించే తడి అంతా వాన నీరు కాదు. ఎడమ వైపు ముందు సీటు కాళ్ల దగ్గర శుభ్రమైన, వాసన లేని నీరు చేరుతూ, వాన లేని రోజున ఏసీ వేసుకొని తిరిగినప్పుడు కూడా తడి పెరుగుతోందంటే అది ఏసీ నీరు. ఉక్కపోతగా ఉన్న రోజున ఇంజను ఆడిస్తూ ఏసీని పది నిమిషాలు నడిపి బండి కిందికి వంగి చూడండి. మామూలుగా అక్కడ చుక్కలు పడుతూ ఉండాలి. ఒక్క చుక్క కూడా పడకపోతే ఏసీ నీటిని బయటికి పంపే చిన్న రబ్బరు గొట్టంలో దుమ్ము, బురద అడ్డుపడ్డాయన్నమాట. బురదలో తిరిగే బండ్లలో ఇది తరచుగా జరుగుతుంది. కింది నుంచి మెత్తని నైలాన్ తీగను నెమ్మదిగా లోపలికి పోనిచ్చి అడ్డు తీయండి. కంప్రెసర్ గాలిని గట్టిగా కొట్టించవద్దు, లోపలి వైపున గొట్టం ఊడిపోవచ్చు.

నీరు వేళ్ల మధ్య జిగటగా ఉండి, తియ్యటి వాసన వస్తూ, ముందు అద్దానికి లోపలి వైపున జిడ్డు పొర కడుతూ ఉంటే అది కూలెంట్. కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గిందేమో కూడా చూడండి. కూలెంట్ విషం కాబట్టి ఎట్టి పరిస్థితిలోనూ రుచి చూడవద్దు. అప్పుడు కారుతున్నది డ్యాష్‌బోర్డు లోపలి హీటర్ కాయిల్ గానీ దాని గొట్టాలు గానీ అయి ఉంటుంది, ఆ పని మెకానిక్ చేతికే వదలాలి.

మూడోది ఊపిరి చెమ్మ. లంబసింగిలోనో వంజంగిలోనో చలికాలపు రాత్రి అద్దాలు ఎత్తుకొని బండిలోనే పడుకుంటే, తెల్లవారేసరికి టాపు లోపలి వైపున నీటి చుక్కలు వేలాడతాయి. అది లీకు కాదు, మన ఊపిరిలోని తేమ చల్లని టాపుకు తగిలి నీరైనదే. రెండు వైపులా అద్దాలను వేలు మందాన దించి పడుకుంటే అది చాలావరకు తగ్గుతుంది.

ఈ మూడూ కాదని తేలితేనే వాన లీకు వెతకడం మొదలుపెట్టండి. బండి వారంటీలో ఉంటే ఇంకా ఏమీ విప్పకుండా ఫొటోలు తీసి, సర్వీస్ సెంటర్‌లో జాబ్ కార్డు మీద లీకు సంగతి రాయించండి. నోటిమాటగా చెప్పి ఊరుకుంటే తర్వాత ఆధారం ఉండదు.

బండిని సిద్ధం చేయడం

రబ్బరు మ్యాట్లు తీసి, గుమ్మాల వెంబడి ఉన్న ప్లాస్టిక్ పట్టీలను ఊడదీసి, కార్పెట్‌ను అంచుల నుంచి ఎత్తండి. కార్పెట్ పైకి పొడిగా కనిపించినా దాని అడుగున ఉండే మెత్తని పొర నీరు పీల్చుకొని ఉంటుంది, గట్టిగా పిండితే గానీ బయటపడదు. సీట్లు తీయవలసి వస్తే ముందుగా బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పి కొన్ని నిమిషాలు ఆగండి. సీటు కింద పసుపు రంగు కనెక్టర్ ఉందంటే అది ఎయిర్‌బ్యాగుకో సీటు బెల్టుకో సంబంధించినది. దాన్ని విప్పి ఉంచినంతసేపు ఇగ్నిషన్ ఆన్ చేయకూడదు.

తడినంతా గుడ్డతో తుడిచి, నేల రేకును పూర్తిగా ఆరనివ్వండి. పాత తడి మిగిలి ఉండగా చేసిన పరీక్షను నమ్మడానికి వీల్లేదు. ఆరిన తర్వాత స్తంభాల అడుగున, తలుపు గుమ్మాల వెంబడి, డ్యాష్‌బోర్డు కింద కనిపించే రేకు మీద, వెనుక చక్రాల గూళ్ల మీద ముఖానికి రాసుకునే పౌడరు పల్చగా చల్లండి. నీరు ఎక్కడి నుంచి దిగినా ఆ పౌడరు మీద సన్నని చార పడుతుంది, ఆ చారను పట్టుకొని పైకి వెళితే మూలం దొరుకుతుంది.

నీరు పోయే దారులను ముందు చూడండి

పరీక్ష మొదలుపెట్టే ముందు, బండిని తయారు చేసినవారు నీరు బయటికి పోవడానికి పెట్టిన దారులన్నీ తెరిచి ఉన్నాయో లేదో చూడాలి. నా అభిప్రాయంలో ఈ ఒక్క పనితోనే చాలా బండ్లలో లీకు ఆగిపోతుంది, అయినా దీన్ని పట్టించుకునేవారు తక్కువ. బానెట్ ఎత్తి, వైపర్ల కింద ఉన్న నల్లటి ప్లాస్టిక్ జాలీని పరిశీలించండి. ముందు అద్దం మీద పడిన వాన అంతా ఆ జాలీ కింది తొట్టెలోకి దిగి, రెండు చివర్లలోని రంధ్రాల గుండా ఫెండర్ల లోపలి నుంచి నేల మీద పడాలి. వేప చెట్టు కింద, చింత చెట్టు కింద బండి నిలిపేవారికి అక్కడే కష్టం వస్తుంది. చింతాకు జాలీ కన్నాల్లో నుంచి సులువుగా జారిపోయి, అడుగున బురదతో కలిసి ముద్ద కట్టి రంధ్రాలను మూసేస్తుంది. తొట్టె నిండిన నీరు బ్లోయర్ గాలి లోపలికి వచ్చే దారిలో డ్యాష్‌బోర్డు కిందికి దిగుతుంది. జాలీ విప్పి ఆ ముద్దను చేత్తో తీసి, ఒక చెంబు నీరు పోసి, రెండు వైపులా కింద ధార పడుతోందో లేదో చూడండి.

తలుపుల కింది అంచున ఉండే సన్నని రంధ్రాలను కూడా అదేవిధంగా పుల్లతో శుభ్రం చేయాలి. తలుపు ఊపినప్పుడు లోపల నీరు తొణుకుతున్న చప్పుడు వినిపిస్తే అవి మూసుకుపోయినట్లే.

పైపు పెట్టి వెతకడం

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒకరు టార్చి పట్టుకొని లోపల కూర్చుంటారు, మరొకరు బయట నీళ్ల పైపు పడతారు. పైపుకు నాజిల్ పెట్టకూడదు, వానలా మెల్లగా పారాలి. వాటర్ సర్వీస్ వాళ్ల ప్రెషర్ గన్‌తో కొడితే తలుపు అంచు చుట్టూ ఉండే రబ్బరు పట్టీని, అంటే బీడింగును, అది ఆరోగ్యంగా ఉన్నా దాటి నీరు లోపలికి వస్తుంది, లేని లీకు ఉన్నట్లు కనిపిస్తుంది.

ఎప్పుడూ కింది నుంచి పైకి వెళ్లండి. మొదటే టాపు మీద నీరు పోస్తే అది అన్ని అతుకుల మీదుగా కిందికి జారి, ఏది కారిందో చెప్పలేని పరిస్థితి వస్తుంది. ముందు చక్రాల గూళ్ల లోపల, తర్వాత ఇంజను గది వెనుక గోడ, తర్వాత తలుపుల కింది సగం, అద్దాల అడుగు అంచు, ముందు అద్దం చుట్టూ, వెనుక తలుపు, అన్నింటికంటే చివర టాపు అతుకులు. ఒక్కో చోట ఐదు నిమిషాలకు తక్కువ కాకుండా పోస్తూ, లోపలి వ్యక్తి ఏమీ లేదని చెప్పిన తర్వాతే ఒక జానెడు పైకి జరపండి. కొన్ని లీకులు లోపలికి దిగడానికి సమయం తీసుకుంటాయి కాబట్టి ఇక్కడ ఓపిక తప్పదు.

లోపలి వ్యక్తి చేయవలసిన పని ఇంకా సున్నితమైనది. టార్చిని రేకుకు ఏటవాలుగా పట్టుకొని చూడాలి. పొడి పౌడరు తెల్లగా, మసకగా ఉంటుంది. నీరు తాకిన క్షణంలో ఒక బూడిద రంగు చుక్క పుట్టి, కాసేపు అక్కడే నిలిచి, బరువెక్కగానే సన్నని గీతలా కిందికి సాగుతుంది. ఆ గీత పై కొనను మార్కర్‌తో గుర్తు పెట్టి, అక్కడ తుడిచి, మళ్లీ పౌడరు వేసి, పైపును కదపకుండా అదే చోట మరోసారి పోయించండి. రెండోసారి కూడా గీత అక్కడే పుడితే చోటు దొరికినట్లు. బోల్టు మర గుండా వచ్చే నీరైతే బోల్టు చివర ముత్యంలా ఒక చుక్క వేలాడుతుంది.

సమతలం మీద ఏమీ కారకపోతే లీకు లేదని తేల్చేయకండి. కొండ దారుల్లో తిరిగే బండ్లలో కొన్ని లీకులు బండి వాలినప్పుడే బయటపడతాయి, ఎందుకంటే టాపు గాడిలో నిలిచిన నీరు అప్పుడు ఇంకో మూలకు చేరుతుంది. బండిని ముందు భాగం కిందికి ఉండేలా ఒకసారి, ఒక పక్కకు వాలేలా ఒకసారి నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి అదే పరీక్ష మళ్లీ చేయండి.

నీటితో దొరకని సన్నని సందులకు ఇంకొక ఉపాయం ఉంది. అద్దాలన్నీ ఎత్తి, బయటి గాలి లోపలికి వచ్చేలా పెట్టి బ్లోయర్‌ను పూర్తి వేగంలో నడిపితే క్యాబిన్‌లో కొద్దిగా ఒత్తిడి పెరుగుతుంది. బయటి నుంచి అతుకుల మీద సబ్బు నీరు రాస్తే సందు ఉన్న చోట బుడగలు లేస్తాయి. గాలి బయటికి పోవడానికి బాడీలోనే కావాలని ఉంచిన దారుల దగ్గర కూడా బుడగలు వస్తాయి కాబట్టి వాటిని లీకులుగా లెక్కపెట్టవద్దు.

దొరికిన చోటును సరిచేయడం

తలుపు బీడింగు దగ్గర కారుతుంటే ముందు దాని పట్టు చూడండి. ఒక కాగితపు పట్టీని బీడింగు మీద పెట్టి తలుపు వేసి లాగితే కొంచెం బిగువుగా రావాలి; ఊరికే జారి వచ్చిన చోట బీడింగు ఆనడం లేదు. బీడింగుకు సుద్దముక్క రుద్ది తలుపు వేసి తీస్తే, రేకు మీద సుద్ద గీత తెగిన చోటు కూడా అదే విషయం చెబుతుంది. బీడింగు మెత్తగానే ఉండి ఆనకపోతే తలుపు గొళ్లెం తగిలే స్ట్రైకర్‌ను ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి జరపాలి. జరిపే ముందు పాత స్థానం చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోండి. రబ్బరు గట్టిపడి పగుళ్లు పట్టి ఉంటే మార్చడమే దారి. కంపెనీ బీడింగు దొరకకపోతే విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల పాతదాని ముక్క చూపించి అదే కోత ఉన్నది తీసుకోండి, అతుకును తలుపు అడుగు వైపు ఉంచండి. బీడింగుకు ఇంజను ఆయిలు, గ్రీజు రాయడం పల్లెల్లో అలవాటు, కానీ వాటివల్ల రబ్బరు ఉబ్బి పాడవుతుంది. సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి.

తలుపు ప్యాడు అడుగు నుంచి, లేదా స్పీకర్ చుట్టూ నీరు వస్తుంటే బీడింగును తప్పుపట్టవద్దు. అద్దం మీది నీరు కొంత తలుపు లోపలికి దిగడం సహజమే. ప్యాడు వెనుక అతికించిన పాలిథిన్ పొర దాన్ని క్యాబిన్‌లోకి రానివ్వకుండా కింది రంధ్రాల వైపు మళ్లిస్తుంది. స్పీకర్లు మార్చేవారు ఆ పొరను చించి అలాగే వదిలేస్తుంటారు. మందమైన పాలిథిన్ కోసి జిగటగా ఉండే బ్యూటైల్ రబ్బరు టేపుతో చుట్టూ అతికించండి. పెంకుటింట్లో పై పెంకు అంచు కింది పెంకు మీదికి వచ్చినట్లు, ఈ పొర కింది అంచు తలుపు రేకు సందులోకి దిగి ఉండాలి. బయటికి వేలాడితే నీరు మళ్లీ కాళ్ల దగ్గరికే చేరుతుంది.

హార్డ్ టాపు, అంటే గట్టి పైకప్పు, బాడీతో కలిసే అతుకులో నొక్కుకుపోయిన ఫోమ్ పట్టీ తరచూ కనిపించే కారణం. బోల్టులు వదులై ఉంటే ఒక వైపు నుంచి వరుసగా కాకుండా ఎదురెదురుగా, కొద్దికొద్దిగా, చేతి స్పానరుతోనే బిగించండి. అప్పటికీ కారితే టాపును నలుగురు పట్టి ఎత్తి, పాత పట్టీని పూర్తిగా గీకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త ఈపీడీఎం (ఎండావానలకు తట్టుకునే ఒక రకం రబ్బరు) ఫోమ్ పట్టీ వేయాలి. మూలల దగ్గర పట్టీని కోసి అతకకుండా వంచుతూ తీసుకెళ్లండి. గుడ్డతో కుట్టిన సాఫ్ట్ టాపులో కుట్టు సూది రంధ్రాల నుంచి నీరు ఊరుతుంది. లోపలి వైపున టెంట్లకు వాడే సీమ్ సీలర్ రెండు పూతలు వేయండి. అయితే పాత జీపుల్లో టాపు, తలుపు, ముందు అద్దం ఫ్రేము మూడూ కలిసే మూలలో ఎంత చేసినా గట్టి వానకు కొన్ని చుక్కలు వస్తాయి. మడిచే ముందు అద్దం అడుగున ఉండే రబ్బరు పట్టీని కొత్తది వేస్తే చాలావరకు తగ్గుతుంది, అంతకు మించి ఆశించడం న్యాయం కాదు.

వెనుక తలుపు పై మూల కారుతుంటే స్టెప్నీ బరువును అనుమానించండి. కంపెనీ ఇచ్చిన దానికంటే పెద్ద టైరు పెట్టినవారి బండ్లలో తలుపు కీళ్ల దగ్గర కుంగి, గొళ్లెం వైపు దిగజారుతుంది. స్టెప్నీ విప్పి తలుపు వేసి చూడండి. సందు సమానమైతే కీళ్లు, స్ట్రైకర్ సరిచేయాలి, బీడింగు మార్చి లాభం లేదు. 2020 థార్‌లో పైకి లేచే వెనుక అద్దం, పక్కకు తెరుచుకునే కింది తలుపు కలిసే గీతను, టెయిల్ ల్యాంపుల వెనుక గాస్కెట్లను కూడా చూడండి.

తర్వాత అమర్చిన వస్తువుల కోసం వేసిన కన్నాల విషయంలో నేను గట్టిగానే చెబుతాను. స్నార్కెల్ (ఇంజనుకు గాలిని ఎత్తు నుంచి తెచ్చే గొట్టం), పైన లైట్ బారు, క్యారియర్, వించ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం) వైర్లు, ఇలా ఏది పెట్టించినా ఎవరో ఒకరు రేకుకు డ్రిల్లు పెట్టే ఉంటారు. వైరు వెళ్లే ప్రతి కన్నానికీ సరిపోయే రబ్బరు గ్రోమెట్ (కన్నం అంచుకు తొడిగే వలయం) ఉండాలి, వైరు లోపలికి వెళ్లే ముందు ఒకసారి కిందికి వంగి ఉండాలి. అప్పుడు వైరు వెంబడి వచ్చిన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. బోల్టు కన్నమైతే బోల్టు విప్పి, రేకు అంచును గీకి, ఎపాక్సీ ప్రైమర్ వేసి, ఆరాక పాలీయురేథేన్ సీలెంట్ పూసి బిగించండి. ఘాటైన వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ వాడవద్దు. అది గట్టిపడేటప్పుడు వెలువడే ఆమ్లం పచ్చి రేకును తుప్పు పట్టిస్తుంది, ఆ తర్వాత అక్కడ పెయింటు కూడా నిలవదు. ఎం-సీల్ వంటి ముద్దలు రాయిలా గట్టిపడి, బాడీ మెలితిరిగినప్పుడు చిట్లుతాయి.

కొత్త థార్ ముందు అద్దం యురేథేన్‌తో బాడీకి అతికి ఉంటుంది. అక్కడ కారితే పై నుంచి పూతలు పూయకుండా, అద్దాల పని తెలిసినవారి చేత విప్పించి కొత్తగా అతికించాలి. ఆ అతుకు బండి బలానికీ, ఎయిర్‌బ్యాగ్ పని చేయడానికీ సంబంధించినది.

వాగులు దాటే బండ్లకు

వాన పడకున్నా వాగు దాటినప్పుడే తడుస్తోందంటే లీకు కింది నుంచి వస్తోంది. థార్‌కు కంపెనీ చెప్పే 650 మిల్లీమీటర్ల నీటి లోతు బండి ఆగకుండా దాటగల హద్దు మాత్రమే, లోపల చుక్క రాదన్న హామీ కాదు. నేలలోని డ్రెయిన్ ప్లగ్గులు, గేరు లివర్, ఫోర్ వీల్ లివర్ అడుగున ఉండే రబ్బరు తొడుగులు, సీటు బోల్టులు, ఇంజను గది గోడలోని పెద్ద వైరు గ్రోమెట్ చూడండి. కడిగిన తర్వాత ప్లగ్గును పెట్టడం మరవడం, లేదా ఇసుక రేణువు మీద బిగించడం అన్నింటికంటే మామూలుగా జరిగే పొరపాటు.

దాంతోపాటు యాక్సిళ్లను కూడా గమనించండి. వేడెక్కిన డిఫరెన్షియల్ (యాక్సిల్‌లోని గేర్ల పెట్టె) చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకొని, దానికి గాలి ఆడే బ్రీదర్ గొట్టం మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీళ్ల గుండా నీటిని పీల్చుకుంటుంది. దాటిన తర్వాత ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో కనిపిస్తే వెంటనే మార్పించి, బ్రీదర్ శుభ్రం చేయించాలి.

ఆరబెట్టడం, తిరిగి బిగించడం

కార్పెట్‌నూ దాని అడుగు పొరనూ విడదీసి ఎండలో వేయండి. పొర లోపల తేమ ఉండగానే బిగిస్తే బూజు వాసన ఎన్నటికీ పోదు. నేల రేకు మీద తుప్పు కనిపిస్తే వైరు బ్రష్‌తో గీకి, రస్ట్ కన్వర్టర్ పూసి, ఆరిన తర్వాత ఎపాక్సీ ప్రైమర్, దాని మీద పెయింటు వేయండి. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు గాలి తగిలే ఊళ్లలో ఈ పనిని వాయిదా వేయకూడదు. కార్పెట్ కింద వెళ్లే కనెక్టర్లలో పచ్చటి పొర కట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో కడిగి ఆరనివ్వండి.

సీలెంట్ డబ్బా మీద రాసిన సమయం పూర్తిగా గడిచాక, కార్పెట్లు ఇంకా వేయకుండానే, అదే చోట్ల అదే క్రమంలో మళ్లీ పైపు పట్టండి. ఒక లీకు మూసిన తర్వాత దాని వెనుక దాగిన రెండో లీకు బయటపడటం తరచుగా జరుగుతుంది. పౌడరు మీద ఎక్కడా చార పడకపోతే అప్పుడు కార్పెట్ వేసి, సీట్లు బిగించి, సీటు కనెక్టర్లు పెట్టి, చివరగా బ్యాటరీ తీగ తగిలించండి.